చీపురుపుల్ల కొలత

లాఠీ అరికాళ్ల మీద పడ్డప్పుడల్లా లాజరు కేక వీధి చివర బడిదాకా వినపడుతోంది. ప్రేమకుమారి టీచరు ఇక కూర్చోలేకపోయింది. లాజరు కూతురు చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని, పోలీసులు దిగిన సీతారామారావు సావిడికి నడిచింది.

ఊరి పెద్ద ఆసామి సీతారామారావు ఇప్పుడు లేడు. నిన్న పొద్దుగూకేముందు పత్తిచేలో ఎవరో ఆయన మెడ నరికేశారు.

వారం కిందట, తన గేదెలు కాయకుండా బడికి పోయిందని ఆయన చిట్టెమ్మను చెర్నాకోలతో చావబాదాడు. ఆ వీపుకు మందు రాసింది ప్రేమకుమారే. ఒక్కో చార జానెడుంది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. లాజరు మాత్రం "నరుకుతా నిన్ను" అని పదిమందిలో అరిచాడు. ఎస్సైకి అంతకన్నా ఏం కావాలి?

చేలో తడి మీద ఒకే ఒక్క పాదముద్ర దొరికింది. దాని పొడవుకు ఎస్సై చీపురుపుల్ల తుంచి జేబులో పెట్టుకున్నాడు.

"పుల్ల కన్నా వీడి కాలు పెద్దదండి," అన్నాడు కానిస్టేబులు.

"ఇంత వాచాక పెద్దగా ఉండక చిన్నగా ఉంటుందా? కానీయ్."

లాఠీ మళ్లీ లేచింది. బొటనవేలి గోరు ఊడి నేల మీద పడింది.

"ఆపండి సార్," ప్రేమకుమారి అడ్డం వెళ్లింది. "వాచకముందు కొలత నా దగ్గరుంది."

ఆమె తిరువూరులో కొన్న బొమ్మల పుస్తకంలో ఒకే పొలాన్ని ఏనుగు నలభై అడుగులంటుంది, కుందేలు నాలుగు వందలంటుంది. రెండూ కొట్టుకుంటాయి. ఎవరి అడుగు వాళ్లదేనని పిల్లలకు తెలియడానికి, ఇంట్లో అందరి పాదాలూ కాగితాల మీద గీసుకురమ్మంది. అది జరిగి పదిరోజులైంది. ఇంటికో మేకు చొప్పున అవన్నీ బడి గోడకు వేలాడుతున్నాయి.

ఎస్సై బడికొచ్చాడు. వెనకే లాజరును ఈడ్చుకొచ్చి వరండాలో పడేశారు. రెండో మేకుకు చిట్టెమ్మ ఇంటి కాగితాలున్నాయి. లాజరు పాదం మీద పుల్ల పెడితే, పాదం రెండు వేళ్లు పొడుగుంది.

ఎస్సై ముఖం మాడింది. ఊళ్లో మగవాళ్ల కాగితాలన్నీ దింపించి చూశాడు. అందరి పాదాలూ పుల్లను దాటాయి. అంత లోతు నరుకు ఆడవాళ్ల వల్ల కాదని వాళ్ల కాగితాలు ముట్టుకోనేలేదు.

"వాణ్ణి వదిలెయ్యండి. ఉన్న కాగితాలన్నీ ఇవేనా టీచరుగారూ?"

"ఇవేనండి."

చిట్టెమ్మ తండ్రి మీద పడి ఏడ్చింది. లాజరు పాకుతూ వచ్చి ప్రేమకుమారి కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె చటుక్కున పాదాలు కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

పాదం ఎలా గీయాలో పిల్లలకు చూపడానికి అందరికంటే ముందు తన కాలిచుట్టూ గీసి, మొదటి మేకుకు తగిలించిన కాగితాన్ని ఆమె ఆ ఉదయమే పొయ్యిలో పెట్టింది.