ఆరని పసుపు లైటు

"మళ్ళీ వెలిగింది మస్తానన్నా!"

పెంచలకృష్ణ స్టీరింగు మీద తల ఆనించాడు.

డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ పసుపుగా వెలుగుతూనే ఉంది.

విడవలూరు రోడ్డు పక్కన మస్తాన్ మెకానిక్ షెడ్డు. మస్తాన్ స్కానరు తగిలించి చూశాడు. పొద్దున్నించి ఇది మూడోసారి.

"అదే మాట చెప్తుండాది. పొగగొట్టం మీదుండే ఆక్సిజన్ సెన్సారు పోయిందంట."

"నిన్ననే గదన్నా కొత్తది ఏసినావు!"

"ఏసినా. అదీ పోయిందంటుండాది. నన్నేం చేయమంటావు పెంచలకృష్ణా?"

"నాలుగ్గంటలకు హేచరీ కాడుండాల. పొల్యూషన్ కాయితం చూస్తారు, డాష్‌బోర్డు చూస్తారు. ఒక్క లైటు వెలిగినా తీసుకోరు. ఈ పనీ పోతే కారు అమ్ముకునేదే నేను."

సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ అది. రోజూ నెల్లూరు నుంచి ఉద్యోగుల్ని తీసుకురావడానికి వాళ్ళకు ఒక కారు కావాలి. ఒక్కటే.

షెడ్డు ముందు బెంచీ మీద లుంగీ కట్టుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. టైరు పంచరు వేయించుకోవడానికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. 

"ఏ హేచరీ అబ్బయ్యా?" అన్నాడు.

పెంచలకృష్ణ చెప్పాడు.

ఆయన కాసేపు రోడ్డువైపు చూశాడు. తర్వాత లేచి వచ్చాడు.

"కారు యాడ కడుగుతావు?"

"రొయ్యల గుంట కాడ. మోటారు నీళ్ళు ధారగా పడతాయి గదా. మా ఊళ్ళో అందరం ఆడే."

"కింద గూడానా?"

"కిందే ముందు. బురదంతా ఆడే గదా ఉండేది."

మస్తాన్ నవ్వాడు.

"పెద్దాయనా, నీ టైరు అయిపోవచ్చింది. పోయి కూర్చో. మిషనుకు తెలీంది నీకు తెలుస్తాదా?"

ఆయన గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. సెన్సారు వైరు చివరి ప్లగ్గు ఊడదీశాడు. లోపల వేలితో తుడిచి, ఆ వేలు నాలుకకు తగిలించుకున్నాడు.

"నాలికతో రిపేరు చేసేవాణ్ణి ఇప్పుడే చూస్తుండా!" అన్నాడు మస్తాన్.

"నువ్వూ వచ్చి చూడు. ఉప్పు."

మస్తాన్ వంగి టార్చి వేశాడు. ప్లగ్గు లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది.

మస్తాన్ నవ్వు ఆగిపోయింది.

"సెన్సారు మంచిదే. అది చెప్పే మాట పైకి పోవడంలా, అంతే. గుంటలో ఉండేది ఉప్పునీళ్ళు గదబ్బయ్యా. వాటితో స్నానం చేయిస్తే రొయ్య బతుకుతాది గానీ, వైరు బతుకుతాదా?"

చిలుము బ్లేడుతో గీకాడు. మంచినీళ్ళతో కడిగాడు. టైర్లకు గాలిపట్టే గొట్టంతో తడంతా ఆరేదాకా ఊదాడు. ప్లగ్గు బిగించాడు.

మస్తాన్ స్కానరులో పాత తప్పు చెరిపేశాడు.

పెంచలకృష్ణ తాళం తిప్పాడు.

లైటు ఒక్క క్షణం వెలిగింది. ఆరింది.

కాలువ వంతెన దాకా పోయి వచ్చాడు. వెలగలేదు. ఇంకోసారి పోయి వచ్చాడు. వెలగలేదు.

"ఆరిందన్నా! ఆరింది!"

హారను మోగిస్తూనే ఉన్నాడు. ఎదురుగా టీకొట్లో వాళ్ళు లేచి చూశారు. పెంచలకృష్ణ కంటే మస్తానే గట్టిగా కేకలు పెట్టాడు.

కారు దిగి చూస్తే ఆయన లేడు. టైరు దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడట.

"పేరన్నా అడగలేదే," అన్నాడు పెంచలకృష్ణ.

పొగ పరీక్షలో కారు మొదటిసారికే పాసయింది. నాలుగవడానికి పది నిమిషాలుందనగా, కొత్త కాయితం చేతిలో పట్టుకుని హేచరీ గేటు దాటాడు.

మేనేజరు సుభాషిణి కాయితం చూసింది. డాష్‌బోర్డు చూసింది.

"రేపటి నుంచి వచ్చేయ్."

పెంచలకృష్ణకు గాల్లో తేలినట్టయింది.

ఆమె తన లిస్టులో అతని పేరుకు టిక్కు పెట్టి, కింద ఉన్న రెండో పేరు కొట్టేసింది.

"అదెవరిది మేడమ్?"

"కొడవలూరు క్రీస్తుదాసని. నీ కారు పాసు కాకపోతే ఈ పని ఆయనదే. గంట కిందట ఫోన్ చేసినాడు, 'పెంచలకృష్ణ కారులో లైటు నేనే ఆర్పినా మేడమ్, ఇంక నాకోసం చూడబాకండి' అని."