ఈము గొంతు పాఠం

క్యాసెట్ ప్లేయర్ టేపును నమిలేసింది.

అదీ సరిగ్గా ఈము గొంతు పాఠం దగ్గర.

జూలో పక్షుల్ని చూసుకునే ఆమెను పిల్లలు పక్షులమ్మ అంటారు. పెన్సిల్ దూర్చి ఎంత తిప్పినా టేపు దారికి రాలేదు. పక్షులమ్మకు ఏడుపొచ్చింది.

పోస్టులో పక్షుల కోర్సు చదివిన రోజుల్లో ఆమెకు తోడున్నది ఆ క్యాసెట్లలోని గొంతొక్కటే.

"ఇంతెత్తు నిప్పుకోడికి నాలుక నా బొటనవేలంత. నమలడం, రుచి చూడటం ఏమీ లేదు. ముక్కు కొసన పట్టుకుని, తల విదిలించి లోపలికి విసురుకోవడమే. ఆకలేస్తే నేనూ అంతే" అని నవ్వేది ఆ గొంతు.

తర్వాత ఈము పాఠం.

"ఆడ ఈముకు గొంతు గొట్టం ముందువైపు ఒక చీలిక ఉంటుంది. గాలి అందులోంచి చర్మం కిందున్న సంచిలోకి పోతుంది. అప్పుడు ఇలా..." అంటూ గుండెల్లోంచి ధుమ్, ధుమ్ అని చేసి వినిపించేది.

ఆ "ఇలా" దగ్గరే టేపు తెగింది.

ఇక ఉండబట్టలేక, రికార్డరు సంచిలో వేసుకుని, క్యాసెట్ల మీద పేరున్న ప్రొఫెసర్ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది.

తలుపు తీసినాయన బక్కపలచగా ఉన్నాడు. మెడకు గుడ్డ చుట్టుకున్నాడు. ఎవరు కావాలన్నట్టు చెయ్యి తిప్పాడు.

"పక్షుల పాఠాలు చెప్పిన సార్ కోసం వచ్చానండీ" అని పక్షులమ్మ గట్టిగా అరిచింది.

"అ... అరవకమ్మా. వాడికి చెవులు బ్... బాగానే ఉన్నాయి. మాటే లేదు" అన్నాడు లోపల్నుంచి ప్రొఫెసర్. "గొంతు ఆపరేషనైంది. మా ల్యాబ్‌లో అ... అటెండరు. ఇప్పుడు నాకు తోడు."

పక్షులమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆ గొంతేనా ఇది? వయసు ఎవర్ని వదిలిందిలే అని సరిపెట్టుకుంది.

"మా అమ్మ చనిపోయిన ఏడాది నేను ఎవరితోనూ మాట్లాడలేదు సార్. మీ క్యాసెట్లే వింటూ కూర్చున్నాను. లేకపోతే ఏమైపోయేదాన్నో. ఆ ఈము చప్పుడు ఒక్కసారి చేసి వినిపించండి, చాలు."

రికార్డరు మీట నొక్కింది.

ప్రొఫెసర్ ఏదో చెప్పబోయాడు. అటెండరు ఆయన భుజం నొక్కి, వద్దన్నట్టు తల ఊపాడు.

పెద్దాయన్ని అలిసిపోనివ్వడు కాబోలు అనుకుంది పక్షులమ్మ.

"అది ఇ... ఇక కుదరదమ్మా" అన్నాడు ప్రొఫెసర్, ఆమె వైపు చూడకుండా.

బస్టాపు దాకా అటెండరే సంచి మోసుకొచ్చాడు.

"ఎంత దూరం నుంచి వచ్చానో తెలుసా అన్నా? ఉత్త చేతులతో పోతున్నా" అంది ఆమె. "నువ్వు అదృష్టవంతుడివి. ఆ గొంతు బాగున్న రోజుల్లో పక్కనే ఉండి విన్నావు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చటుక్కున పక్కకు తిరిగి, షెల్టరు రేకు మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. ధుమ్. ధుమ్. ఆగి, మళ్ళీ ధుమ్.

"ఆపన్నా, బస్సు దానంతటదే ఆగుతుందిలే" అని ఆమె నవ్వింది.

బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

రెండు నెలలకు ప్రొఫెసర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క కొట్టివేత కూడా లేని గుండ్రటి రాత.

"అమ్మా, ఆ రోజు నిన్ను బస్సెక్కించినవాడు మొన్న పోయాడు. నిజం చెప్పొద్దని నా భుజం నొక్కాడు. నీ చెవుల్లో ఉన్నది అలాగే ఉండిపోవాలని వాడి ఆశ. నేను పుట్టు నత్తివాణ్ణి తల్లీ, పాఠాలు రాయడం వరకే నా పని, ఆ క్యాసెట్లన్నిటిలో నువ్వు విన్న గొంతు వాడిది."