తరుగుదల లెక్క

మనకి మేలు చేసేవాణ్ణి దేవుడు మనం విసుక్కునే రూపంలోనే ఎందుకు పంపుతాడన్నది ఏళ్లుగా నాకున్న సందేహం.

చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుకునే ఆవిడ దగ్గరికి ఓ లెక్కల మాస్టారిని అలాగే పంపాడు. ఆవిడని అందరూ ప్రెస్సమ్మ అంటారు.

అరిగిన చెప్పులు, చంకలో ఫైలు. "పన్ను లెక్కలు రాసిపెడతానమ్మా" అంటూ పిలవకుండానే లోపలికి వచ్చాడు.

తక్కువ ఫీజే కదా అని ఒప్పుకుంది.

నాలుగు రోజులు బుద్ధిగా రాశాడు. ఐదో రోజు గొడవైంది.

"నా మిషన్ విలువ తగ్గించి రాశారేంటి మాస్టారూ?"

"తరుగుదలమ్మా. ఏటా కొంత అరుగుతుంది కదా."

"అరగడమా! వేలంలో కొన్ననాడు తుప్పుపట్టి ఉంది. పసిపిల్లకి చేసినట్టు రోజూ నూనె రాసి తుడుస్తున్నాను. కావాలంటే అందులో మీ మొహం చూసుకోండి!"

ఆయన తల దించుకున్నాడు.

పక్కన పుస్తకాలు కుడుతున్న బైండరు నవ్వాడు. "బంగారానికి తరుగు విన్నాం. ఇనుముకీ ఉందా మాస్టారూ?"

"ఉంది బాబూ. బంగారం తరుగు మనం కట్టాలి. ఈ తరుగు చూపిస్తే మనకి పన్ను తగ్గుతుంది."

ప్రెస్సమ్మకి నవ్వు రాలేదు. ఆవిడ బెంగ వేరు. బడిపుస్తకాల ఆర్డరు వచ్చింది. ఉన్న ఒక్క మిషన్ దాన్ని అందుకోలేదు. ఆర్డరు పోతే ప్రెస్సు మూతే.

"కొత్త మిషన్ పది లక్షలు. ఐదేళ్లు పనిచేస్తుంది. ఏటా రెండున్నర లక్షలు తెస్తుంది. అందులో ముప్పై శాతం పన్ను పోతే, ఐదేళ్లకి చేతికొచ్చేది ఎనిమిది లక్షల డెబ్భై ఐదు వేలు. పెట్టిందే రాదు. ఎలా కొనను?"

"ఏటా రెండు లక్షలు తరుగుదల చూపించండమ్మా. అప్పుడు మిగిలిన యాభై వేల మీదే పన్ను. ఏటా అరవై వేలు మిగులుతాయి, ఐదేళ్లకి మూడు లక్షలు. పెట్టింది వచ్చేస్తుంది, పైన లక్షా డెబ్భై ఐదు వేలు."

"కొనకముందే అరిగిపోతుందని రాయమంటారు! శకునపక్షిలా ఏంటండీ ఆ మాటలు? రేపట్నించి రావద్దు."

ఫీజు అడక్కుండానే వెళ్లిపోయాడు. లెక్క వేసిన కాగితం బల్లమీద ఉండిపోయింది.

వారం పాటు అందులో తప్పు వెతికింది. దొరకలేదు.

మిషన్ కొంది. ఆర్డరు నిలిచింది. ప్రెస్సూ నిలిచింది.

ఆయన్ని పిలవడానికి మాత్రం మొహం చెల్లలేదు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపేసింది.

చివరికి ఫీజు కవరులో పెట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఇరుకు సందు. ఒక్కటే గది. గోడమీద ఆయన ఫోటో.

"పోయి ఎనిమిది నెలలైందమ్మా" అంది ఆయన భార్య.

ప్రెస్సమ్మ కవరు ఆవిడ చేతిలో పెట్టింది. "ఆనాడే ఇవ్వాల్సింది పిన్నిగారూ. నోరు పారేసుకున్నాను."

"ఆయనేం అనుకోలేదులే తల్లీ. మీ పాత మిషన్ ఇంకా తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ."

"రోజూ తుడుస్తావటగా. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చారు."

"ఎందుకండీ?"

"బ్యాంకువాళ్లు మా దగ్గర్నించి పట్టుకెళ్లి వేలం వేసింది దాన్నేనమ్మా. అది మాదై ఉన్నప్పుడు ఆయనకి ఈ తరుగుదల లెక్క తెలీదు."