బండ మీద మరక

"మామ్మగారూ, బయటివాళ్ళు లోపలికి రాకూడదని తలుపు మీద రాసుంది కదా!"

"చదివాను బాబూ. చదివే వచ్చాను," అంది ముసలావిడ, కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ.

లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే బైండరు నిట్టూర్చాడు. కొండల ఫొటోల పుస్తకం ఒక్కసారి చూపించమని ఆవిడ రోజూ ప్రాణం తీస్తోంది. అతను రోజూ రేపు రమ్మంటున్నాడు.

అది అల్లాటప్పా పుస్తకం కాదు. నూటయాభై ఏళ్ళ నాటిది. ఫొటోల్ని పుస్తకంలో అచ్చువేయడం ఇంకా తెలియని రోజులవి. ఒక్కో ఫొటో విడిగా కడిగి, చేత్తో జిగురు రాసి పేజీకి అంటించేవారు. దీనికి ఇంకో ప్రతి ఎక్కడా మిగల్లేదు. అట్ట మీద బంగారు అక్షరాల్లో ఫొటోలు తీసిన పెద్దమనిషి పేరుంది.

"రేపు ప్రదర్శనలో పెడుతున్నాం. అందరితో పాటు చూద్దురుగాని."

"అద్దాల పెట్టెలో పెడితే నా కళ్ళకి ఆనదు. ఆ జలపాతం ఫొటో ఒక్కటీ చూసి పోతాను. మా అమ్మ చెప్పిన మాట పట్టుకుని ఇన్నాళ్ళూ వేళ్ళాడుతున్నాను బాబూ. ఇంట్లో అందరూ కోతలంటారు. నిజమో కాదో తేలకుండానే పోతానేమోనని బెంగ."

"అసలు మీకూ ఈ పుస్తకానికీ ఏంటి సంబంధం?"

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ అట్ట మీద పేరున్నాయన దగ్గర వంటమనిషి. కొండలెక్కినప్పుడల్లా వెంట తీసుకెళ్ళేవాడట."

బైండరుకి నవ్వాగలేదు. "అయితే ఈ ఫొటోల్లో సగం పుణ్యం ఆవిడ వంటదే!"

ఆవిడా నవ్వింది. కానీ కదల్లేదు.

ఇక లాభం లేదని పుస్తకం తెరిచి ఆవిడ ముందుకు జరిపాడు. భూతద్దం కూడా చేతికిచ్చాడు. తన పనితనం మీద అతనికి కాస్త గర్వమే. జలపాతం తళతళలాడుతోంది.

ఆవిడ వంగి చాలాసేపు వెతికింది.

"ఇక్కడ, బండ మీద ఓ మనిషి ఉండాలి."

"మనుషులెవరూ లేరే!"

"చిన్నగా ఉంటాడట. ఈగ వాలినంత."

బైండరు చప్పున బండ వైపు చూశాడు.

పాత ఫొటోల మీద ఈగ మచ్చలు మామూలే. ఆ పొద్దున తడి దూదితో తుడిస్తే అన్నీ పోయాయి. బండ మీది నల్లచుక్క మాత్రం పోలేదు. పోనప్పుడు అనుమానం రావాలి. అతనికి పంతం వచ్చింది. పక్కనే ఉన్న భూతద్దం తీసుకుని చూడకుండా, బ్లేడు మొనతో గీకేశాడు.

"మామ్మగారూ... మరకనుకున్నాను. నేనే తీసేశాను."

"తీసేశావా నాయనా?"

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదనిపించింది అతనికి. భూతద్దం పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

"ఎవరతను? మీ ముత్తాతగారా?"

"మావాళ్ళెవరూ కాదు."

ఆవిడ మెల్లగా పుస్తకం మూసి, అట్ట మీది బంగారు పేరు మీద వేలు పెట్టింది.

"ఈయన. కదలకుండా ఉండమని ఈయన్ని ఆ బండ మీద నిలబెట్టి, దీంతో పాటు ఈ ఫొటోలన్నీ తీసింది మా అమ్మమ్మ వాళ్ళమ్మ, ఆ వంటమనిషి."