వెండి మువ్వల చిక్కం

ఆ కళ్లానికి యజమాని పందికొక్కుగారు. నూర్పిళ్లప్పుడు వరి పనలు తొక్కే ఎద్దు గింజ ముట్టకుండా నోటికి తాడుతో అల్లిన చిక్కం కట్టిస్తారు. కాళ్ల కింద ఉన్నది తింటే దొంగబుద్ధులు వస్తాయని ఆయన బెంగ. ఎద్దు గుణం చెడిపోకూడదు కదా!

పదేళ్లు తొక్కేసరికి ఎద్దు డొక్కలు వీపుకి అంటుకుపోయాయి. ఈ ఏడు పందికొక్కుగారి మనసు కరిగింది. ఎద్దుకు సన్మాన సభ పెట్టించి, పాత చిక్కం విప్పించి, వెండి మువ్వలు కుట్టిన కొత్త చిక్కం స్వయంగా కట్టారు.

"ఇప్పుడు మన ఎద్దన్న రెండు మాటలు మాట్లాడతాడు" అని మేస్త్రీ నక్క ప్రకటించింది.

కట్టేసిన నోరు ఏం మాట్లాడుతుంది? చిక్కం వదిలించుకుందామని ఎద్దు తల గట్టిగా విదిలించింది. మువ్వలు ఘల్లుమన్నాయి.

"పిచ్చి సన్నాసి, సంతోషం పట్టలేకపోతున్నాడు!" అని పందికొక్కుగారు కళ్లు తుడుచుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"చిక్కం విప్పితే మాట్లాడతాడు కదండీ?" అంది గట్టు మీది పిచ్చుక.

పందికొక్కుగారు నోట్లో ఉన్న వడ్లు నింపాదిగా నమిలి మింగారు.

"మాట్లాడితే పరవాలేదమ్మా. తింటేనో?"