బీరువాలో అడవి

"వదులమ్మా, అందులో వెయ్యొద్దు లా," అంది కూతురు, ఇక్కడి వాళ్ళ అలవాటు "లా" చివర తగిలించి.

సుధామణి వదల్లేదు. వంటింట్లో చెత్త గొట్టం మూత ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో సంచీని లోపలికి తోస్తోంది. కూతురు సరయు సంచీ అడుగు పట్టుకుని వెనక్కి లాగుతోంది. పదకొండో అంతస్తు నుంచి జారిందంటే ఇక ఆ బట్టల మీద ఆశ వదులుకోవాల్సిందే.

లాగులాటలో సంచీ చిరిగి సరుకంతా నేల మీద పడింది. మీగడ రంగు వదులు గౌను, దాని కింద తొడుక్కునే లేసు లంగా, చెక్క బొత్తాల స్వెట్టరు, తలకు చుట్టుకునే నూలు గుడ్డ. తాముండే ఈ బూన్ లే ఎండలకి స్వెట్టరొకటి! చూస్తేనే సుధామణికి ఒళ్ళు మండింది. నానమ్మా మనవరాలూ ఉండే గదిలో బీరువా సర్దుతుంటే దొరికాయివి.

"ఏమిటే ఈ వేషం?"

"మోరి గర్ల్ అమ్మా. మోరి అంటే జపాన్ భాషలో అడవి. అడవిలో తన పాటికి తను బతికే అమ్మాయిలా, వదులుగా, పొరలు పొరలుగా వేసుకోవాలి. ఎంత పాతదైతే అంత గొప్ప. టోక్యోలో అమ్మాయిలు అమ్మమ్మల పెట్టెలు వెతికి మరీ వేసుకుంటున్నారు."

"బొత్తాలేమిటి, ఇడ్లీలంత ఉన్నాయి?"

"చిన్నవైతే పెట్టుకోవడం కష్టం."

పాలిటెక్నిక్ చదివే పిల్లకి బొత్తాలు పెట్టుకోవడం కష్టమట. సుధామణి నెత్తి కొట్టుకుంది. కింది అంతస్తు సాలెహా మొన్ననే చెప్పింది, శనివారం ఆర్చర్డ్ షాపుల వీధిలో నానమ్మా మనవరాలూ కనిపించారనీ, చుట్టూ పిల్లలు మూగి ఫొటోలు తీస్తున్నారనీ, బస్సులోంచి సరిగ్గా చూడలేకపోయాననీ. గుడికని చెప్పి వెళ్ళేది అక్కడికన్నమాట. పిల్ల వేషాలకి ముసలావిడ వంత!

అసలు మంట వేరే ఉంది. ఐటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తూ, హైదరాబాదు నుంచి వారానికో కుటుంబం ఈ దేశంలో దిగుతున్న రోజులవి. తెలుగు సంఘంలో ఇప్పుడు మాటంతా వాళ్ళదే. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన సుధామణి లాంటి వాళ్ళని "మీకు తెలుగు బాగానే వచ్చే" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే చెంప మీద కొట్టినట్టుంటుంది. కాళ్ళరిగేలా తిరిగితే ఈ ఏడు ఉగాదికి గుమ్మం దగ్గర పన్నీరు చల్లే పని ఆమెకిచ్చారు. ఆ గుమ్మంలోంచి ఈ పాత గుడ్డలు నడిచొస్తే ఇంకేమైనా ఉందా? మళ్ళీ ఏ పనికీ పిలవరు.

"ఇవేసుకుంటే ఎలా ఉంటుందో తెలుసా? రబ్బరు చెట్లు గీసే కూలీలా ఉంటుంది. చొక్కా మీద చొక్కా, తలకో గుడ్డ."

అనేశాక నాలిక్కరుచుకుంది. బల్ల దగ్గర అత్తగారు కుమారమ్మ చింతపండు గింజలు తీస్తోంది. వయసులో ఉన్నన్నాళ్ళూ సరిహద్దు అవతల జొహోర్ తోటలో రబ్బరు చెట్లు గీసిన మనిషి.

కుమారమ్మ చెయ్యి ఆగింది. "తెల్లారకుండా ఎల్తే చలేసేది. దోమలు. అందుకే మీద మీద ఏసుకునేవోళ్ళం," అంది. "ఆ గుడ్డల్లోనే నీ మొగుణ్ణి పెంచానమ్మా."

తప్పయిపోయింది అత్తయ్యా అనాలనిపించింది సుధామణికి. కోపం అననివ్వలేదు. దానికి బదులు, ఉగాదికి మీకు కొన్న కంచిపట్టు కట్టుకోండి అంది. దాని బరువుకే కదా కిందటేడు మెట్ల మీద పడ్డానని కుమారమ్మ గొణిగింది. సుధామణి వినిపించుకోకుండా కూతురి వైపు తిరిగి, పండగనాడు పట్టులంగా వేసుకుంటానని ఒట్టెయ్యమంది. సరయు వెంటనే ఒట్టేసింది. అంత తేలిగ్గా లొంగే పిల్ల కాదే అని సుధామణికి అనుమానం పట్టుకుంది.

ఉగాదినాడు సుధామణి జురాంగ్ ఈస్ట్ హాలు గుమ్మంలో పన్నీరు బుడ్డితో నిలబడింది. సంఘం అధ్యక్షుడి భార్య సూర్యకుమారి పక్కన చేరి, మీ అత్తగారి వాళ్ళు ఈ దేశాలొచ్చి ఏం చేసేవారని ఆరా తీసింది.

"రబ్బరు తోటలండీ. జొహోర్‌లో."

"అమ్మో, తోటలున్నవాళ్ళా? ఎప్పుడూ చెప్పనేలేదే."

సుధామణి కాదనలేదు, ఔననలేదు. పన్నీరు చల్లింది. అయిదు నిమిషాల్లో ఆ తోటల సంగతి హాలంతా పాకింది. ఆడవాళ్ళు కొత్త మర్యాదతో చూస్తున్నారు. వాళ్ళ అత్తగారిని ముందు వరసలో కూర్చోబెడదామని సూర్యకుమారి కుర్చీ కూడా వేయించింది.

సరయు అన్న మాట ప్రకారం పట్టులంగాలో వచ్చింది. అయినా సుధామణికి మనసు మనసులో లేదు. పొద్దున చూస్తే బీరువాలో గౌను లేదు. రైల్లో పిల్ల సంచీ తడిమింది, అందులోనూ లేదు. ఇక ఆగలేక కూతుర్ని పక్కకి లాగింది.

"ఆ గౌను ఎక్కడ దాచావే? మధ్యలో మార్చుకుని నా పరువు తీస్తావా?"

"నా దగ్గర లేదమ్మా," అంది సరయు, రోడ్డు వైపు చూస్తూ.

టాక్సీ వచ్చి గుమ్మం ముందే ఆగింది. అమ్మని వెనకాల తీసుకొస్తానన్న భర్త కమల్ ముందు దిగాడు. భార్య కళ్ళలోకి చూడకుండా వెనక తలుపు తీసి, వాళ్ళమ్మకి చెయ్యి అందించాడు. సూర్యకుమారి నమస్కారానికి రెండు చేతులూ జోడించి ముందుకొచ్చింది.

గౌను కుమారమ్మకి కొలిచి కుట్టించినట్టుంది.