ఎదుటి జట్టు చొక్కా

"మబ్రూకక్కా, ఈసారైనా బంతి వదిలెయ్," అన్నాడు డైరెక్టర్ స్లీమ్, మొహం మీది ఫాస్ఫేటు దుమ్ము తుడుచుకుంటూ.

మా ఫాస్ఫేటు గనుల ఊరి అమ్మాయిలు ఫుట్‌బాల్‌లో రాజధాని జట్టుని ఓడించే సినిమా అది. ఓడిపోయే రాజధాని జట్టు వేషాలు మావి. గోల్ దగ్గర మబ్రూక ఉంది. హీరోయిన్ ఆఖరి గోల్ కొడితే షూటింగ్ అయిపోతుంది.

హీరోయిన్ కొట్టింది. మబ్రూక పక్కకి దూకి పట్టేసింది. గట్టు మీద కూర్చున్న మా ఊరి ఆడవాళ్లు మా వైపు పెళ్లిళ్లలోలాగా సంబరంగా నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు.

"మీరు సంబరపడకూడదమ్మా, ఆమె ఎదుటి జట్టు," అని విసుక్కున్నాడు స్లీమ్. మళ్లీ మబ్రూక దగ్గరికొచ్చాడు. "నిజంగా జరిగిన కథక్కా ఇది. గెలవాలంటే ఆ గోల్ పడాలి."

"జరిగింది నాకే చెప్తున్నావా? మేం గెలిచింది గోల్ కొట్టి కాదు, ఆఖర్లో పెనాల్టీ ఆపి."

"ఆపడం ఎవరు చూస్తారక్కా?"

మబ్రూక రాజధాని చొక్కా విప్పి అతని చేతిలో పెట్టింది. లోపల మా ఊరి జట్టు చొక్కా ఉంది, వెలిసిపోయి.

"సినిమాలో మా జట్టు వేషాలకి మా మొహాలే పనికిరావన్నావు, ఊరుకున్నాం. ఆ రోజు ఆపిన చేతులు మాత్రం ఇవే. మళ్లీ కొట్టమను."